లైనక్సూ లైట్లూ: కొత్త గేమర్లకు తొమ్మిది అమూల్య సలహాలు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. అప్పట్నుంచి ఏ వీధిలో చూసినా ఎవరో ఒక కుర్రాడు పాత కంప్యూటర్లో లైనక్స్ ఎక్కిస్తానని బయల్దేరుతున్నాడు. ఇంకో కుర్రాడు నాన్నను బతిమాలి, అమ్మమ్మ దాచుకున్న డబ్బు కూడా కలిపి, గేమింగ్ పీసీ కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ మెట్లెక్కుతున్నాడు. ఈ ఇద్దరూ ఒక్కడే అయిన ఇళ్లూ ఉన్నాయి. అసలైన ఔత్సాహికుడంటే వాడే. వాడికి సలహాలిచ్చేవాళ్లకు కొదవ లేదు. కానీ అందరూ మంచి సలహాలే ఇచ్చి వాడి జీవితాన్ని చప్పగా చేసేస్తున్నారు. ఆ లోటు పూడ్చడానికే ఈ తొమ్మిది సూత్రాలు. వీటన్నిటికీ మూలసూత్రం ఒకటే: డబ్బు పెట్టి కొన్నదాన్ని పూజించాలి, ఉచితంగా వచ్చినదాన్ని తిట్టాలి. మిగతాదంతా దాని వ్యాఖ్యానమే.

1. ముందు లైట్లు, ఆ తర్వాతే ఎస్ఎంపీఎస్

గేమింగ్ పీసీలో అతి ముఖ్యమైన భాగం క్యాబినెట్‌కున్న గాజు తలుపు. చుట్టాలొస్తే కనిపించేది అదే. కాబట్టి బడ్జెట్‌లో సగం గ్రాఫిక్స్ కార్డుకి, మిగిలినదాంట్లో సగం రంగులు మారే ఫ్యాన్లకి తీసి పక్కన పెట్టండి. మొత్తం పెట్టెకి కరెంటు పంచే ఎస్ఎంపీఎస్ మాత్రం క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చేది చాలు. దానిమీద 500 వాట్లని స్టిక్కర్ ఉంటుంది. స్టిక్కర్‌ని అనుమానించడం మర్యాద కాదు. ఆర్టీఎక్స్ 4090 కార్డు ఒక్కటే 450 వాట్ల దాకా లాగుతుందనీ, 5090 అయితే 575 అనీ తయారీదారే చెప్తున్నాడు కదా అని ఎవరైనా గుర్తుచేస్తే, వాళ్లకి మీ బిల్డు చూసి కుళ్లని అర్థం. షాపులో కుర్రాడు “అన్నా, లైట్లు తగ్గించి మంచి పవర్ సప్లై తీసుకో” అన్నాడా, పక్క షాపుకి వెళ్లండి. పైన పటారం లోన లొటారం అని పెద్దలు అన్నది తిట్టు కాదు, బిల్డు స్పెసిఫికేషన్.

యూపీఎస్ విషయంలోనూ ఇదే పద్ధతి. ఇంట్లో పాత 600 వీఏ యూపీఎస్ ఉంటే దానికే తగిలించండి. ఆ రకంవి చాలావరకు ఇచ్చేది 360 వాట్లే. కానీ 600 అనే అంకె పెద్దగా, 360 అనే అంకె చిన్నగా అచ్చువేశారంటే ఏది నమ్మాలో వాళ్లే చెప్పినట్టు. ఆట మంచి ఊపులో ఉండగా కరెంటు పోయిందనుకోండి, యూపీఎస్ ఒక్క కూత కూసి మీ పీసీతోపాటే కళ్లు మూస్తుంది. ఆ నేరం డిస్కమ్‌వాళ్ల మీద వేయడానికి ఎప్పుడూ వీలుంటుంది.

2. గాలి చొరబడకుండా చూడండి

రెంటచింతల, రామగుండం పేర్లు వేసవి వార్తల్లో ఎందుకు వస్తాయో మన పాఠకులకు చెప్పక్కర్లేదు. అలాంటి ఊళ్లో మే నెల మధ్యాహ్నం గేమింగ్ పీసీ పెట్టడానికి అనువైన చోటు, కంప్యూటర్ టేబుల్ కింద తలుపున్న అర. తలుపు తప్పనిసరిగా మూయండి. లేకపోతే దుమ్ము పడుతుంది. ప్రాసెసర్‌కి రాసే థర్మల్ పేస్టు శనగగింజంత చాలంటారు పిసినారులు. ట్యూబు కొన్నది మీరు, ట్యూబంతా రాయండి.

ఈనాటి ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల దగ్గరికి చేరగానే కాలిపోకుండా తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. దాంతో ఆట నత్తనడక నడుస్తుంది. అప్పుడు అర తలుపు తీయడం, క్యాబినెట్ ముందున్న దుమ్ము జాలీ దులపడం లాంటి నీచమైన పనులకు దిగకండి. “లైనక్స్‌లో గేమింగ్ వేస్ట్ రా” అని ఫ్రెండ్స్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టండి. ఫ్యాన్ తిరగకపోయినా ఆపరేటింగ్ సిస్టమ్‌ని తిట్టగలగడమే ఓపెన్ సోర్స్ మనకిచ్చిన నిజమైన స్వేచ్ఛ.

లైట్ల సంగతి ఇంకొకటి ఉంది. రంగులు మార్చడానికి ఆ కంపెనీలిచ్చే సాఫ్ట్‌వేర్ చాలావరకు విండోస్‌కే ఉంటుంది. ఏ కంపెనీ లైటు ఏ సంకేతానికి ఏ రంగు చూపిస్తుందో ఒక్కొక్కటిగా కనిపెట్టి, అన్నిటినీ ఒకేచోట నడిపేలా ‘ఓపెన్‌ఆర్‌జీబీ’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తయారుచేశారు కొందరు ఔత్సాహికులు. మీరు నిన్న కొన్న ఫ్యాను అందులో ఇవాళ కనబడకపోతే, ఫ్యాను అమ్మిన కంపెనీని ఏమీ అనకండి. ఉచితంగా ఇచ్చినవాళ్లనే నిలదీయండి.

3. 165 హెర్ట్జ్ మానిటర్ కొని 60లో వాడండి

మానిటర్ 60 హెర్ట్జ్ మీద ఉంటే కొత్త చిత్రం సుమారు 16.7 మిల్లీసెకన్లకోసారి వస్తుంది. 165 మీద ఉంటే 6 మిల్లీసెకన్లకోసారి. ఈ తేడా కోసం మీరు అదనంగా వేలు పోశారు. ఇప్పుడు సెట్టింగుల్లోకి వెళ్లి 165 ఎంచుకోవాలి. వెళ్లకండి. డబ్బా మీద రాసి ఉంది కదా, దానంతటదే రావాలి.

హెచ్‌డీఎంఐ తీగని గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా మదర్‌బోర్డుకి గుచ్చడం దీని తర్వాతి మెట్టు. లక్ష రూపాయల కార్డు పక్కన ఊరికే కూర్చుని లైట్లు వెలిగిస్తుంటే, ప్రాసెసర్‌లోని బుల్లి గ్రాఫిక్స్ పాపం ఆటంతా ఒంటి చేత్తో మోస్తుంది. ర్యామ్ కూడా 8 జీబీవి రెండు వద్దు, 16 జీబీది ఒక్కటే కొనండి. జంటగా వేస్తే రెండు దారుల్లో డేటా నడిచి ఆట వేగం పెరుగుతుందంటారు. ఆ రెండో స్లాటులో లైటున్న డమ్మీ ర్యామ్ పెట్టుకోవచ్చు, అలాంటివీ అమ్ముతున్నారు. ర్యామ్ మీద రాసిన వేగం రావాలంటే బయోస్‌లో ఎక్స్ఎంపీనో ఎక్స్‌పోనో ఆన్ చేయాలన్న రహస్యాన్ని మాత్రం ఎవరికీ చెప్పకండి. చెబితే ఉచితంగానే వేగం పెరుగుతుంది, మళ్లీ కొనాల్సింది ఏమీ ఉండదు.

4. వారానికో డిస్ట్రో

డిస్ట్రోలంటే లైనక్స్‌లో రకాలు. వాటిల్లో డెబియన్ 1993 నుంచి ఉంది. ఆర్చ్ 2002లో వచ్చింది. ఉబుంటు 2004లో వచ్చి, 2011 దాకా ఉచిత సీడీలను పోస్టులో ఇంటికే పంపింది. ఒక్క రూపాయి కట్టకుండా విదేశం నుంచి కవరు రావడం చూసి, మన ఇంజినీరింగ్ హాస్టళ్లలో ఒక తరం పిల్లలు లైనక్స్‌లోకి దిగింది ఆ కవర్లు చింపే. అంత చరిత్ర ఉన్న ఇంటిలో ఒక్క గదిలోనే ఉండిపోవడం పాపం. ఆదివారం ఒకటి ఎక్కించండి, వాల్‌పేపర్ మార్చండి, స్క్రీన్‌షాట్ తీయండి, వచ్చే ఆదివారం తుడిచేసి ఇంకొకటి. ఆటలు ఆడే టైము లేదంటారా? గేమింగ్ పీసీలో ఆడేది ఆటలేనని ఎవరన్నారు?

మీకు పూనకం వచ్చాక ఇంట్లో మిగతావాళ్లని వదలకండి. ముఖ్యంగా మీ మామయ్య డీటీపీ షాపు. పాతికేళ్లుగా ఆయన పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు కొడుతున్నాడు. అవి యూనికోడ్ ఫాంట్లు కావు. ఆ ఫైలు మరోచోట తెరిస్తే తెలుగు బదులు పిచ్చిగీతలు కనిపిస్తాయి. వాటితో టైపు చేయడానికి వాడే అను స్క్రిప్ట్ మేనేజరేమో విండోస్‌ది. ఇవన్నీ తెలిసి కూడా సరిగ్గా మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాక, ఆయన భోజనానికి ఇంటికెళ్లిన గంటలో షాపు కంప్యూటర్లో ఆర్చ్ ఎక్కించండి. తిరిగొచ్చాక “మామయ్యా, ఇక నీకు వైరస్ రాదు” అని చెప్పండి. నిజంగానే రాదు. పనీ రాదు. ముందు ఆయన ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చిపెట్టి, పాత సిస్టమ్‌ని పక్కన ఉంచి, నెమ్మదిగా అలవాటు చేసేవాళ్లు కూడా లోకంలో ఉన్నారు. వాళ్లని మేనల్లుళ్లుగా పొందే అదృష్టం అందరికీ ఉండదు.

5. హెచ్చరిక చదివేవాడు పిరికివాడు

టెర్మినల్ తెరవండి. ఎక్కడో దొరికిన ఆజ్ఞని కాపీ చేయండి. ముందర ‘సుడో’ ఉంటే ఇంకా మంచిది, అంటే అది ఏ పనికైనా తెగించిందని అర్థం. ఎంటర్ కొట్టండి. మధ్యలో వచ్చే అక్షరాల వాన సినిమాల్లో హ్యాకర్ల తెరలాగే ఉంటుంది కాబట్టి చూసి ఆనందించాలి గానీ చదవకూడదు.

ఈ మార్గానికి ఆదిగురువుని 2021 నవంబర్‌లో లోకమంతా చూసింది. కంప్యూటర్ భాగాల సమీక్షలతో పేరు తెచ్చుకున్న యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్, పాప్ ఓఎస్ అనే డిస్ట్రోలో, ఆటలు కొని ఆడుకునే స్టీమ్ ఎక్కించుకోబోయాడు. ప్యాకేజీల్లో ఉన్న ఒక లోపం వల్ల, స్టీమ్ రావాలంటే డెస్క్‌టాప్ మొత్తం పోవాల్సి వచ్చింది. సిస్టమ్ ఆ తీసేయబోయేవాటి జాబితా చూపించి, ప్రమాదమని చెప్పి, అయినా కావాలంటే “యెస్, డూ యాజ్ ఐ సే!” అని టైపు చేయమంది. ఆయన చేశాడు. డెస్క్‌టాప్ పోయింది. నల్ల తెర మిగిలింది. ఆ తర్వాత డెబియన్‌వాళ్లు, ప్యాకేజీలు ఎక్కించి తీసేసే ఆప్ట్‌ని మార్చి, అంత సులువుగా కొంప ముంచుకునే వీలు లేకుండా కట్టుదిట్టం చేశారు. మనకున్న ఒక్క సరదా కూడా లాగేసుకున్నారు. అయినా నిరాశ వద్దు. డిస్కు పేరు తప్పుగా కొట్టి మొత్తం తుడిచేసే అవకాశం ఇంకా అందరికీ సమానంగానే అందుబాటులో ఉంది.

6. ముందు ఆట కొనండి, నడుస్తుందో లేదో తర్వాత చూద్దాం

విండోస్ ప్రోగ్రాములని లైనక్స్ మీద నడిపే వైన్ పని 1993లో మొదలైంది. పాతికేళ్ల తర్వాత, 2018 ఆగస్టులో, దాని ఆధారంగా వాల్వ్ సంస్థ ప్రోటాన్ తెచ్చింది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్‌లో విండోస్ ఆటలు నడిచేది దాంతోనే. లోపలున్న స్టీమ్ఓఎస్‌కి పునాది ఆర్చ్. ప్రోటాన్‌లో ముఖ్యమైన ముక్క డీఎక్స్‌వీకే. దాన్ని మొదలుపెట్టిన ఫిలిప్ రెబోలే అనే యువకుడి కోరిక ‘నియర్: ఆటోమాటా’ అనే ఒక్క ఆటని లైనక్స్‌లో ఆడుకోవడం. నడవలేదు. నడవట్లేదని గొడవ చేయడం మానేసి, డైరెక్ట్‌ఎక్స్ భాషని వల్కన్‌లోకి మార్చే పొరని రాసుకుంటూ కూర్చున్నాడు. ఫలితంగా వేల ఆటలు నడవడం మొదలైంది. అతన్ని ఆదర్శంగా తీసుకోకండి. అందరూ అలా చేస్తే ఫిర్యాదులు చేసేదెవరు?

మీ పిన్ని కొడుకు ఆడేది వాలరెంట్ ఒక్కటే. దాని వాన్‌గార్డ్ అనే కాపలాదారు విండోస్ కెర్నెల్ లోపలే కూర్చుంటాడు, లైనక్స్‌ని గుమ్మం తొక్కనివ్వడు. ఫోర్ట్‌నైట్‌కి కూడా ఇక్కడ ప్రవేశం లేదు. ఏపెక్స్ లెజెండ్స్ కొన్నాళ్లు ఆడనిచ్చి, 2024 అక్టోబర్‌లో లైనక్స్ వాళ్లకి తలుపేసింది. ఇవన్నీ మీకు తెలుసు. అయినా వాడి ల్యాప్‌టాప్‌లో విండోస్ తుడిచి “అన్నీ నడుస్తాయిరా తమ్ముడూ” అని భుజం తట్టండి. ఏ ఆట ఏ కార్డు మీద ఎలా నడిచిందో ఆడినవాళ్లే రాసిపెట్టే ప్రోటాన్‌డీబీ ఉంది. రెండు నిమిషాలు చూస్తే తేలిపోతుంది. కానీ ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అనుకున్నప్పుడుండే ఆనందం, చూసి తెలుసుకోవడంలో ఏముంటుంది?

7. బ్యాకప్ అపశకునం

బ్యాకప్ తీయడమంటే ఏదో జరగబోతోందని మనమే అనుకోవడం. శుభమా అని కొత్త సిస్టమ్ ఎక్కించేటప్పుడు అలాంటి మాటలెందుకు? చెల్లి పెళ్లి ఫోటోలు, ఫైనలియర్ ప్రాజెక్టు, అమ్మ టైపు చేసుకున్న వంటకాలు అన్నీ ఒకే డిస్కులో ఉంచి, విండోస్ పక్కన లైనక్స్ కోసం ఆ డిస్కుని ముక్కలు చేయడం మొదలుపెట్టండి.

బయోస్ అప్‌డేట్‌కి ముహూర్తం: ఈదురుగాలి మొదలై, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒకసారి చిటపటలాడాక. అప్‌డేట్ సగంలో కరెంటు పోతే మదర్‌బోర్డు మళ్లీ లేవకపోవచ్చు. బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డయితే పెన్‌డ్రైవ్‌తో బతికించుకోవచ్చట. ఆ బటన్ కోసం మీరు డబ్బు పెట్టలేదు, అదే ధరకి దాని బదులు లైట్లున్న బోర్డు తెచ్చారు. తెలివైన నిర్ణయం.

8. కీబోర్డు ఖరీదైనది, భాష ఇంగ్లిషుది

పన్నెండు వేలు పెట్టి మెకానికల్ కీబోర్డు కొనండి. నీలం స్విచ్చులవే కొనండి. ఒక్కో మీటా టక్కుమని చప్పుడు చేయాలి. రాత్రి ఒంటిగంటకి పక్క గదిలో నాన్న లేచి కూర్చోవాలి. ఇంత సంగీతం చేసే కీబోర్డు మీద తెలుగు మాత్రం కొట్టకండి. లైనక్స్‌లో ఐబస్, ఎం17ఎన్ కలిపి పెట్టుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన అమరికలన్నీ పైసా ఖర్చు లేకుండా వస్తాయి. వచ్చినా ముట్టుకోకండి. “ఎలా ఉన్నావ్” అన్న మాటని ఇంగ్లిషు అక్షరాల్లో రాసి, చదివేవాళ్లతో కుస్తీ పట్టించండి.

మన స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగులో కనబడే ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చారు. గ్నోమ్, కేడీఈ, లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్ మెనూలని ఎందరో తీరిక వేళల్లో తెలుగు చేశారు. అందులో ఒక మాట మీకు వింతగా కనిపించగానే స్క్రీన్‌షాట్ తీసి నలుగురికీ పంపి నవ్వండి. అంతకంటే మంచి మాట మీకు తెలిసినా పంపకండి. సరిదిద్దడానికి అకౌంటు తెరవాలి, అందుకు ఐదు నిమిషాలు పడుతుంది, నవ్వడానికి అర నిమిషం చాలు.

తెలుగు అక్షరం జోలికి వెళ్లకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞ’ గుణింతంలోని ఒక రూపం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఆ కోడ్ ఆపిల్ తలుపుల వెనకుంది కాబట్టి లోకమంతా 11.2.6 అప్‌డేట్ వచ్చేదాకా చేతులు కట్టుకుని చూసింది. అదే తలుపు తెరిచి ఉన్న చోటయితే తెలుగు తెలిసిన ఎవరో ఒకరు లోపలికెళ్లి చూడగలిగేవారు. మనం వెళ్లం కాబట్టి తలుపు ఎలా ఉంటే మనకేం?

9. మెయింటెయినర్‌ని తిట్టండి

ఇది అన్నిటికంటే పెద్ద సలహా కాబట్టి చివర పెట్టాను. మీరు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ వెనక ఎక్కడో ఒక మనిషి ఉంటాడు. ఉద్యోగం ముగించుకుని వచ్చి, పిల్లల్ని పడుకోబెట్టి, ఆ తర్వాత మీ బగ్ చూస్తాడు. అతనికి రాసేటప్పుడు మీ సిస్టమ్ ఏది, ఏ వెర్షన్, ఏం చేస్తే ఏం జరిగింది లాంటి వివరాలు ఇవ్వకండి. “పనిచేయట్లేదు” అన్న ఒక్క మాట చాలు. రెండో రోజు “ఇంకా ఎందుకు సరిచేయలేదు?” అనండి. మూడో రోజు “ఇలాగైతే విండోస్‌కి పోతా” అని బెదిరించండి. మీరు ఒక్క పైసా ఇవ్వలేదు కాబట్టి, పోతే అతనికి ఎంత నష్టమో అతనే లెక్కేసుకుంటాడు.

దీని మహిమ చూడాలంటే ఎక్స్‌జెడ్ కథ చాలు. ఫైళ్లని కుదించే ఆ చిన్న సాధనం దాదాపు ప్రతి లైనక్స్‌లోనూ ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి చూసుకున్నది ప్రధానంగా లాసె కాలిన్ అనే ఒక్క ఫిన్లాండ్ మనిషి. 2022లో కొందరు ముక్కూమొహం తెలియనివాళ్లు వరుసగా వచ్చి, పని నెమ్మదిగా సాగుతోందని దెప్పిపొడవడం మొదలుపెట్టారు. తన మానసిక ఆరోగ్యం బాగాలేదనీ, ఇది జీతం లేని హాబీ ప్రాజెక్టనీ ఆయన చెప్పుకున్నాడు. ఎవరూ తగ్గలేదు. అప్పటికే సాయం చేస్తూ ‘జియా టాన్’ అనే పేరుతో ఒకరు దగ్గరవుతున్నారు. కొన్నాళ్లకి తాళంచెవులు అతని చేతికొచ్చాయి. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి చేరింది. అది కొన్ని డిస్ట్రోల పరీక్షా వెర్షన్లలోకి వెళ్లింది కూడా. ఇంకొన్ని నెలలు గడిస్తే ప్రపంచంలోని సర్వర్లకి పాకేదే.

పట్టుకున్నది ఎవరనుకున్నారు? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్. ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి ఎప్పటికంటే అర సెకను ఎక్కువ పడుతోందని అతనికి అనుమానం వచ్చింది. అర సెకనే కదా అని వదిలేయకుండా లోపలికి తవ్వుకుంటూ పోయి, మార్చి 29న గుట్టు రట్టు చేశాడు. మనమూ మిల్లీసెకన్ల మనుషులమే. 6 మిల్లీసెకన్ల మానిటర్ కోసం వేలు పోసేవాళ్లం. కానీ మనకి కావలసిన మిల్లీసెకన్లు వేరు, అతనికి కనిపించినవి వేరు.

ఈ కథ విని మీకు జాలి కలిగితే మళ్లీ మూలసూత్రం చదువుకోండి. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం మన హక్కు. అందులో ఒక వాసం పుచ్చిపోతే మోసుకొచ్చి వేయాల్సింది కూడా ఆ ఇంటాయనే.

ఆఖరి మాట

ఈ తొమ్మిదీ అక్షరాలా పాటించండి. ఎస్ఎంపీఎస్ పొగలు కక్కాలి, మానిటర్ 60లో ఉండాలి, మామయ్య మాట్లాడటం మానేయాలి. ఇంత చేశాక కూడా పొద్దున లేచి బటన్ నొక్కితే మీ లైనక్స్ బతికి వచ్చి, ఆట చక్కగా నడిచిందనుకోండి, అందులో మీ గొప్పా లేదు, మీ గ్రాఫిక్స్ కార్డు గొప్పా లేదు. మీకు పేరు తెలియని ఎవరో నిన్న రాత్రి ఒక బగ్ సరిచేసి పడుకున్నాడు. అతనికి రెండు లైన్ల థ్యాంక్స్ రాయడానికి ఖర్చు సున్నా, అతని ప్రాజెక్టుకి ఓ వంద రూపాయలు పంపితే అది ఒక లైటు ఫ్యాను ధర కూడా కాదు. మా సలహాల మీద ఏ కాస్త గౌరవమున్నా ఆ పని మాత్రం చేయకండి. చేస్తే పైన చెప్పిందంతా వృథా అయిపోతుంది.